పేరు చూసి బెదిరిపోవద్దు

మన సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుని డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న తమ్ముళ్లు మొదట అడిగేది ఇదే: "అన్నా, పైథాన్ అంటే కొండచిలువ కదా, భాషకు ఆ పేరేంటి?" తెలుగు మీడియం నుంచి వెళ్లిన మనకు ఆ పేర్లు వింటేనే సగం ధైర్యం పోతుంది. పేరే అర్థం కాకపోతే పాఠం ఏం అర్థమవుతుందని గ్రూపు మార్చుకున్నవాళ్లనూ చూశాం. అందుకే సిలబస్ కంటే ముందు పేరు కథ చెప్పాలని మా అభిప్రాయం.

నిజానికి ఆ కథలు వింటే నవ్వొస్తుంది. పైథాన్‌కు పాముతో సంబంధమే లేదు. 1991లో దాన్ని విడుదల చేసిన గైడో వాన్ రోసమ్‌కు బి.బి.సి. హాస్య కార్యక్రమం 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అంటే ఇష్టం. అందులోంచి తీసుకున్నాడు. సి భాష పేరైతే మరీ తేలిక. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేసిన భాష బి. దాన్ని పెంచి డెన్నిస్ రిచీ చేసింది సి. తర్వాతి అక్షరం, అంతే! 1983లో పేరు పెట్టుకున్న సి ప్లస్ ప్లస్‌లోని ఆ రెండు ప్లస్‌లు, విలువకు ఒకటి కలపమని సి భాషలో చెప్పే గుర్తు. జావా మొదటి పేరు ఓక్. జేమ్స్ గోస్లింగ్ ఆఫీసు బయటి చెట్టు పేరది. అది అప్పటికే వేరే కంపెనీ పేరు కావడంతో 1995లో కాఫీ పేరు పెట్టారు.

అన్ని పేర్లూ ఇంత అమాయకమైనవి కావు. నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 1995లో చేసిన భాష పేరు మొదట మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్. జావాకు గిరాకీ ఉందని ఆ డిసెంబరులో జావాస్క్రిప్ట్ అని మార్చారు. రెండూ వేర్వేరు భాషలు. ఒకటి నేర్చుకుంటే రెండోదీ వచ్చేస్తుందనుకుని ఫీజు కట్టినవాళ్లు మన సీనియర్లలోనే ఉన్నారు. ఈ వ్యాపార నామకరణం మాకు నచ్చదు.

మాకు నచ్చిన పేరు అడా. అమెరికా రక్షణ శాఖ చేయించిన ఈ భాషకు ఇంగ్లండు మహిళ అడా లవ్‌లేస్ పేరు పెట్టారు. చార్లెస్ బాబేజ్ పూర్తిచేయలేకపోయిన యంత్రం గురించి 1843లో ఆమె అచ్చువేసిన నోట్స్‌లో, ఆ యంత్రంతో బెర్నౌలీ సంఖ్యలు కట్టే పద్ధతి ఉంది. యంత్రం లేదు, ప్రోగ్రాం మాత్రం ఉంది! 1980లో ఆ భాష ప్రమాణానికి ఇచ్చిన నంబరు 1815, ఆమె పుట్టిన సంవత్సరం. బాలికల హాస్టల్ చెల్లెళ్లకు ఈ కథ తప్పక చేరాలి.

వార్షికోత్సవానికి వచ్చే సీనియర్లు ఒక గంట కూర్చుని చెబితే, ఈ కథలన్నీ చార్టు మీద రాసి స్టడీ హాల్లో అంటించడానికి మేం సిద్ధం.