చదివిస్తే పోతారా?

మా శ్రీకాకుళం జిల్లా కాలేజీల్లో అధ్యాపకులు నిలవరన్న మాట వస్తే చాలు, జవాబు సిద్ధంగా ఉంటుంది: "పీహెచ్‌డీలు చేయించి, ట్రైనింగులకి పంపిస్తే ఇక్కడుంటారేటి? వైజాగో హైదరాబాదో పోతారు." యాజమాన్యాలే కాదు, కళింగపట్నంలో పిల్లల్ని డిగ్రీకి పంపే తల్లిదండ్రులూ ఇదే నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు, పైగా హానికరం. అధ్యాపకుల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు కొన్ని ప్రైవేటు కాలేజీలకు దీనివల్లే పట్టింది. ఏఐసీటీఈ కూడదన్నా మానలేదు.

కళింగపట్నం నుంచి వంశధార వెంట ఎగువకు వెళ్తే శాలిహుండం కొండ. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. చదివిస్తే పోతారన్న వాదానికి ఆయన జీవితమే జవాబు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో కింది తరగతికి చరిత్ర చెప్పే మాష్టారుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. గట్టెక్కారు. బడి కాలేజీగా మారాక, ఆ చదువుతోనే కాలేజీ తరగతులకూ పాఠాలు చెప్పారు. బి.ఏ. వచ్చిందని మద్రాసు దారి పట్టలేదు. 1911లో పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశారు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని సవర భాష నేర్చుకున్నారు, ముఖలింగం గుడి శాసనాలు సొంతంగా చదివారు. తెలుసుకోవలసింది చుట్టూ అంత ఉంటే మనిషి ఎందుకు కదులుతాడు?

గిడుగు వంటివారు అందరూ ఉంటారా అని అడగొచ్చు. ఉండకపోవచ్చు. కానీ ఆయనకు ముప్పై ఏళ్ల కొలువు ఉంది. ఇవాళ్టి గెస్ట్ లెక్చరర్‌కు వచ్చే జూన్‌లో కొలువు ఉంటుందో లేదో తెలియదు. గంటల లెక్కన జీతం కాబట్టి శిక్షణకు వెళ్లిన రోజు కూలి పోయినట్టే. అధ్యాపకుల శిక్షణకు 1987లోనే అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి, 2023లో మాలవీయ మిషన్ వచ్చింది. రిఫ్రెషర్ కోర్సు పర్మనెంటు అధ్యాపకుడికి పదోన్నతిలో పనికొస్తుంది. కాంట్రాక్టు మనిషికి ఎక్కే మెట్టే లేదు. కాంట్రాక్టు నియామకాలు 10 శాతం దాటరాదని 2018 యూజీసీ నిబంధనలు అన్నాయి. మన రాష్ట్రంలో చాలా విశ్వవిద్యాలయాలు ఆ హద్దు ఎప్పుడో దాటాయి. ఇలా ఉంచి, మనిషి పోతే చదువును నిందించడం అన్యాయం.

ఇక్కడ పరిశోధించడానికి ఏముందంటారా? ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. కోతకు గురవుతున్న తీరం ఉంది, సవర పిల్లల చదువు ఉంది. 2008లో ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం వచ్చింది ఇలాంటి పనులకే. కాంట్రాక్టు అధ్యాపకులకూ జీతంతో చదువు సెలవు, ఆ రోజుల్లో పాఠానికి మరో మనిషి, కనీసం ఐదేళ్ల నియామకం, ఈ జిల్లా మీద చేసే పరిశోధనకు కొంత డబ్బు ఇవ్వాలి. ఇన్నీ ఇచ్చాక కూడా మాష్టార్లు నిలవకపోతే, అప్పుడు ఆ మాట అనండి.