గణితంలో తప్పిన విద్యార్థి – మన కర్తవ్యం

విద్యార్థి జీవితంలో పరీక్ష తప్పడం కంటె, తప్పిన సంగతిని దాచుకోవడం ఎక్కువ హాని చేస్తుందని మా అభిప్రాయం. ఒకప్పుడు ఫలితాలను కళాశాల నోటీసు బోర్డు మీద అంటించేవారు. తప్పినవాడెవడో అందరికీ తెలిసేది. ఓదార్చే మిత్రుడు కూడ అక్కడే దొరికేవాడు. నేడు ఎవరి ఫలితం వారి చేతిలోని ఫోనులో కనిపిస్తుంది. తప్పినవాడు ఫోను జేబులో వేసుకొని, ఎవరితోనూ మాట్లాడక, బస్సెక్కి ఊరికి పోతాడు. ఈ మాటలు వ్రాస్తున్న మేమూ ఆ విధంగా బస్సెక్కినవారమే. డిగ్రీ మొదటి సంవత్సరంలో అవకలన సమీకరణాల పేపరులో తప్పి, మరుసటి ప్రయత్నంలో గట్టెక్కిన కొద్దిమంది విద్యార్థులం మేము. మా అనుభవం నుండి తోటి విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు కొన్ని విషయాలు మనవి చేయదలచినాము.

ఇది స్వల్ప విషయం కాదు. మన అనంతపురం సీమలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ అదనుకు పడదు. వేరుశనగ పండని ఏట ఇంటిలో డబ్బుండదు. అటువంటి ఏట పిల్లవాడు పరీక్ష తప్పినాడని తెలిస్తే, ‘చదివింది చాలు, బెంగుళూరు పోయి ఏదైనా పని చూసుకో’ అనే మాట వస్తుంది. ఆడపిల్ల తప్పితే పెళ్ళి మాట వస్తుంది. తల్లిదండ్రులు కఠినులై అనే మాటలు కావవి. మరొక సంవత్సరం బస్సు పాసుకు, సప్లిమెంటరీ ఫీజుకు ఎక్కడినుండి తేవాలో తోచక అనే మాటలు. ఒక్క గణితం పేపరు ఒక జీవితపు దారినే మళ్ళించగలదని మేము కళ్ళారా చూచినాము.

తప్పినవారిని ఓదార్చేటప్పుడు పెద్దలు శ్రీనివాస రామానుజన్ పేరు ఎత్తడం పరిపాటి. అంతటి మహానుభావుడే పరీక్ష తప్పినాడు, నీవెంత అంటారు. సదుద్దేశంతో అన్న మాటే గాని, ఆ ఓదార్పు మనకు పనికిరాదు. రామానుజన్ 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో విద్యార్థి వేతనంతో చేరి, గణితంలోనే మునిగి ఇతర విషయాలను వదలివేసినందున ఆ వేతనం పోగొట్టుకొన్నారు. 1905లో ఇంట చెప్పకుండ విశాఖపట్నం వైపు వెళ్ళిపోయారు. తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి అక్కడా ఎఫ్.ఏ. పరీక్ష తప్పినారు. ఆయన తప్పింది గణితంలో కాదు. శరీరధర్మశాస్త్రం వంటి విషయాలలో. మేము తప్పింది గణితంలోనే. ఆయన కథ నుండి మేము గ్రహించదగినది ఒక్కటే: పరీక్ష తప్పిన సిగ్గు అంతటివానిని కూడ ఇల్లు విడిచిపోయేటట్లు చేయగలదు. అందువలన తప్పిన విద్యార్థిని ఆ మొదటి వారంలో ఒంటరిగా వదలరాదు.

ఇంతకూ మేమెందుకు తప్పినాము? మొదట మేము చెప్పుకొన్న కారణాలు వేరు. పేపరు కఠినంగా వచ్చిందన్నాము. మా తలకు గణితం ఎక్కదన్నాము. కొన్నాళ్ళకు మాలో ఒకరు అదే ప్రశ్నపత్రం తెచ్చి, పుస్తకాలు మూసి, అందరమూ మళ్ళీ చేసి చూద్దామన్నారు. కళాశాల ఆవరణలోని వేపచెట్టు క్రింద కూర్చొని ప్రయత్నించినాము. అప్పుడు నిజం బయటపడింది. సమీకరణాన్ని ఏ పద్ధతిలో సాధించాలో మాకు కొంత తెలుసును. ఆ పద్ధతిలో నడుమ వచ్చే సమాకలనం దగ్గర ఆగిపోయినాము. అది ఇంటర్మీడియెట్ పాఠం. దాని క్రింద ఇంకా త్రవ్వి చూస్తే, భిన్నాలను కలపడంలోనే తడబడేవారు మాలో ఇద్దరున్నారు. డిగ్రీ పాఠం మమ్ములను తప్పించలేదు; హైస్కూలు నాటి బాకీ తప్పించింది.

రెండవ లోపం మా చదివే తీరులో ఉన్నది. గైడులో చేసిపెట్టిన లెక్కను కళ్ళతో చదివి, అర్థమైనదనుకొని పేజీ త్రిప్పడం మా అలవాటు. చదువుతున్నంతసేపు అంతా తెలిసినట్లే ఉంటుంది. తెల్లకాగితం ముందుకు వచ్చేసరికి మొదటి పంక్తి తోచదు. దీనికి శాస్త్రీయమైన ఆధారం కూడ ఉన్నది. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థులకు వచన పాఠాలిచ్చి పరిశీలించినారు. కొన్ని పాఠాలను రెండుసార్లు చదివించినారు; కొన్నిటిని ఒకసారి చదివించి, పాఠం మూసి జ్ఞాపకమున్నంత వ్రాయించినారు. అయిదు నిమిషాల తరువాత చూస్తే రెండుసార్లు చదివినదే ఎక్కువ గుర్తున్నది. వారం తరువాత చూస్తే, మూసి వ్రాసిన పాఠంలో 56 శాతం, రెండుసార్లు చదివిన పాఠంలో 42 శాతం మాత్రమే నిలిచినవి. వచనం విషయమే ఇట్లయితే, చేతితో చేయవలసిన గణితం మాట చెప్పనక్కరలేదు.

మూడవది భాష. మాలో కొందరము ఉర్దూ మీడియంలో, కొందరము తెలుగు మీడియంలో చదివి వచ్చినవారము. జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ అని నేర్చినవారు, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అని నేర్చినవారు ఒకే బెంచీ మీద కూర్చొని ఇంగ్లీషు పాఠం వింటారు. మాట తెలియకపోవడాన్ని లెక్క తెలియకపోవడంగా పొరబడి, అడగడానికి సిగ్గుపడి ఊరకుంటారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య ప్రారంభించినప్పుడు, అంతకు ముందే అనువాద శాఖను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను, పారిభాషిక పదాలను సిద్ధం చేయించినారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు చేసినాడు. మన రెండు భాషలకూ గణితం పరాయిది కాదు.

ఈ మాటల వెంట పోతూ మేమొక ఆశ్చర్యకరమైన సంగతి తెలుసుకొన్నాము. తెలుగులో భిన్నం అంటే విరిగినది. ఉర్దూలో దానిని కసర్ అంటాము. ఆ అరబీ మాటకూ విరగడమనే అర్థం. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ నుండియే ఆల్జీబ్రా అనే మాట పుట్టింది. ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతం అనే అర్థమే మనకు ఎక్కువ పరిచయం. అరబీలో విరిగిన ఎముకను సరిచేసి కట్టడం అనే అర్థం కూడ దానికి ఉన్నది. మన రాయలసీమలో పుత్తూరు కట్టు తెలియనివారుండరు. కట్టు కట్టించుకొన్నవాడు మరునాడే పరుగెత్తడు. రోజుల తరబడి ఓపిక పట్టి, కట్టు కదలకుండ చూచుకొంటాడు. తప్పిన విద్యార్థికి కావలసినదీ అటువంటి ఓపికయే.

మేము కట్టుకొన్న కట్టు ఇది. తెల్లవారుజామున, ఫజర్ నమాజు వేళకు లేచేవారు నమాజు తరువాత, తక్కినవారు అదే సమయానికి, ఒక గంట గణితానికి కేటాయించినాము. ఆదివారమైనా, పండుగైనా ఆ గంట తప్పకూడదనుకొన్నాము. కొన్నిసార్లు తప్పినాము, మరునాడు మళ్ళీ కూర్చొన్నాము. ఒక లెక్క అర్థమైన తరువాత పుస్తకం మూసి, మొదటినుండి స్వయంగా చేయడం. అదే లెక్కను వారం తరువాత మరొకసారి చేయడం నియమంగా పెట్టుకొన్నాము. చేసిన తప్పులకు వేరే నోటుపుస్తకం పెట్టి, ఏ మెట్టు దగ్గర ఎందుకు తప్పామో వ్రాసుకొన్నాము. నెల తిరిగేసరికి ఆ పుస్తకంలో అవే నాలుగయిదు తప్పులు మళ్ళీ మళ్ళీ కనిపించినవి. మన రైతు వేరుశనగ చేనిలో కంది సాళ్ళు వేసినట్లు, ఒకే రకం లెక్కలు వరుసగా చేయక రకరకాలవి కలిపి చేసినాము. పరీక్షలో ఏ లెక్కకు ఏ పద్ధతియో చెప్పేవారుండరు గదా.

అయితే ఈ నియమాలను ఒక్కొక్కరమే పాటించి ఉంటే పది రోజులకు మించి నిలిచేవి కావని ఒప్పుకోవలెను. నిలిపినది కలసి కూర్చొనడమే. ఈ విషయంలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు అనుభవం మనవంటి మైనారిటీ సంస్థలు తప్పక తెలుసుకోదగినది. 1970 దశకంలో అక్కడ నల్లజాతి విద్యార్థులు ఎక్కువమంది కలన గణితంలో తప్పుతుండేవారు. వారికి శ్రద్ధ లేదని, ఇంటిలో ప్రోత్సాహం లేదని, పునాది లేదని తలకొక కారణం చెప్పేవారు. యూరీ ట్రైస్‌మన్ అనే పరిశోధకుడు విద్యార్థుల వెంట ఉండి వారు చదివే తీరు గమనించినాడు. నల్లజాతి విద్యార్థులు శ్రద్ధగానే చదువుతున్నారు. కాని ఒంటరిగా చదువుతున్నారు. బాగా నెగ్గుతున్న చైనా సంతతి విద్యార్థులు తమంతట తాము చదివిన తరువాత, కలసి కూర్చొని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకొంటున్నారు. ఇది చూచి ఆయన గణిత గోష్ఠులు ఏర్పాటు చేసినాడు. వెనుకబడినవారి తరగతి అని పేరు పెట్టలేదు. కష్టమైన లెక్కలే ఇచ్చి కలసి చేయమన్నాడు. పాల్గొన్నవారి ఫలితాలు ఎంతో మెరుగుపడినవి.

కమిటీ పెద్దలకు మా మనవి ఇదే. మన కళాశాలకు వచ్చేవారిలో అధిక భాగం పల్లెల నుండి బస్సులలో వచ్చేవారు. సాయంకాలపు ప్రత్యేక తరగతులు వారికి అందవు. మధ్యాహ్న విరామంలో ఒక గదిని, ఒక నల్లబల్లను, సుద్దముక్కలను గణిత గోష్ఠికి ఇప్పించండి. అది తప్పినవారి గది అనిపించుకోకూడదు. మొదటి తరగతి మార్కులవారూ రావలెను. అధ్యాపకులలో ఒకరు వారానికి రెండు రోజులు వచ్చి కూర్చొంటే చాలును. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు గణిత పదాల పట్టిక ఒకటి మేమే తయారుచేసి గ్రంథాలయానికి ఇస్తాము. ఫలితాలు వచ్చిన వారంలోనే తప్పిన ప్రతి విద్యార్థిని, విద్యార్థినిని పిలిచి ఒక అధ్యాపకుడు మాట్లాడే ఏర్పాటు చేయండి. అవసరమైతే తల్లిదండ్రులతో కూడ మాట్లాడండి. ఒక్క పేపరు తప్పితే చదువు ముగియదని కళాశాల నోట విన్న ఇల్లు, చదువు మాన్పించడానికి తొందరపడదు.

తప్పిన మిత్రులారా! పంట పోయిన రైతు మరుసటి వానకు మళ్ళీ సేద్యానికి దిగుతాడు. అయితే పోయిన ఏడు ఎక్కడ పొరపాటు జరిగినదో ఇరుగుపొరుగు రైతులతో అరుగు మీద కూర్చొని మాట్లాడుకొన్న తరువాతనే దిగుతాడు. మీరూ ఆ ప్రశ్నపత్రం తీసుకొని రండి. వేపచెట్టు క్రింద చోటున్నది. మేము అక్కడే ఉంటాము.