గవదబిళ్ళల మంత్రం, మెడలో కుళ్ళు

సూరత్ లో లింబాయత్, డిండోలి వైపు తిరిగితే తెలుగు బాగానే వినిపిస్తుంది. తెలంగాణ నుండి మగ్గాల పని కోసం వెళ్ళి అక్కడే స్థిరపడినవాళ్ళు. మనవాళ్ళు ఏ రాష్ట్రం వెళ్ళినా దవడ వాస్తే మంత్రం వేయించాలని చెప్పే పెద్దవాళ్ళు ఒకరైనా ఉంటారు.

గవదబిళ్ళలకు మంత్రం పనిచేస్తుందంటారు. ఎందుకు పనిచెయ్యదు? అవి వైరస్ వల్ల వచ్చి, ఎక్కువమందిలో వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మంత్రం వేసినా తగ్గుతాయి, వెయ్యకపోయినా తగ్గుతాయి. పేరు మాత్రం మంత్రగాడికి! ఇలా ఉచితంగా వచ్చిన పేరే ఇంకో జబ్బులో ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ జబ్బు చాలాసార్లు పుచ్చిపోయిన కింది దవడ పన్నుతో మొదలవుతుంది. షుగరు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. పంటి మూలంలోని చీము దవడ కిందికి, అక్కడినుండి మెడ కండరాల మీది పొరల వెంట పాకుతుంది. పైకి కనబడేది వాపే. లోపల సన్నని రక్తనాళాలు మూసుకుపోయి కణజాలం చచ్చి కుళ్ళుతుంటుంది. దీనికి నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ అనే పేరు 1952లో విల్సన్ పెట్టాడు. రక్తం పోనిచోటికి యాంటీబయోటిక్ కూడా పోదు. అందుకని ఇంజెక్షన్లు ఇస్తూనే మెడ కోసి కుళ్ళినదంతా తీసెయ్యాలి. ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ విప్పి చూసి, మిగిలింది తియ్యాలి. వీటన్నిటికంటే ముందు ఊపిరి ఆడే దారి కాపాడాలి, అవసరమైతే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. ఆలస్యమైతే చీము ఛాతీలోకి దిగుతుంది. ఇక్కడ లెక్క గంటల్లోనే. మంత్రగాడు మూడు ఆదివారాలు రమ్మంటాడు!

పసుపు, సున్నం పట్టీలు ఇంకో గొడవ. చర్మం రంగు మారడమే ముఖ్యమైన గుర్తు, దాన్ని మనమే కప్పేస్తాం. వాకుడు గింజల పొగ పెట్టి పంటి పురుగులు రాల్చి చూపించేవాళ్ళ సంగతి సరేసరి. పంటి పురుగు కట్టుకథని ఫ్రాన్స్ లో పియర్ ఫోషార్ 1728లోనే రాశాడు.

మంత్రం వద్దన్నవాళ్ళు కూడా అసలు డాక్టరు దగ్గరికే వెళ్తున్నారా? 2024 డిసెంబరులో సూరత్ లోని పాండేసరా పోలీసులు, డబ్బిచ్చి ఎలక్ట్రో హోమియోపతి నకిలీ డిగ్రీలు కొనుక్కుని ప్రాక్టీసు పెట్టినవాళ్ళను పట్టుకున్నారు. వాళ్ళ క్లినిక్కులు నడిచింది కార్మికుల బస్తీలను నమ్ముకునే.

పంటి నొప్పి తర్వాత మెడ వాచి, నోరు తెరుచుకోక, ఉమ్మి మింగలేక, గొంతు మారిపోతే, లేదా వాపు మీద చర్మం నల్లబడితే రేపటిదాకా ఆగకండి. డిండోలివాళ్ళకు అదే నగరంలో స్మిమేర్, న్యూ సివిల్ హాస్పిటల్ ఉన్నాయి, రెండూ ప్రభుత్వ రంగంలోవే. షుగరు ఉన్న సంగతి వెళ్ళగానే చెప్పండి.