కాలిదా తప్పు? బూటుదా?

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు పొడుగొక్కటీ చూసి ఎవరూ ముహూర్తం పెట్టరు. బూట్లు కొనేటప్పుడు మాత్రం మనమందరం సరిగ్గా ఆ పనే చేస్తాం. "ఎన్నో నంబరండీ?" అంటాడు కొట్టువాడు. "ఎనిమిది" అంటాం. అక్కడితో కాలి జాతకం పూర్తయినట్టే!

ఆ ఎనిమిది పొడుగు సంగతి చెబుతుందే గాని, వెడల్పు గురించి ఒక్క ముక్క చెప్పదు. తోలుబూట్లతో మనవాళ్ళు పడే బాధలు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి.

మా హరిశ్చంద్రపురం, టెక్కలి, పలాస వైపు మనుషుల పాదాలు చూడండి. ఉద్దానం ఇసకలో, కొబ్బరితోటల్లో, జీడితోటల్లో చిన్ననాటినుంచీ చెప్పుల్లేకుండా తిరిగిన కాలు వేళ్ళదగ్గర విసనకర్రలా విచ్చుకుంటుంది. చెప్పులకు దానితో పేచీ లేదు; కాస్త పక్కకు పొంగినా చెప్పు ఏమీ అనదు. బూటు అలా కాదు. నాలుగువైపులా గోడలు కట్టి తలుపేస్తుంది.

పలాస వైపు కుర్రాడొకడు నాకు తెలుసు. విశాఖపట్నంలో ఉద్యోగం. పెళ్ళికి ఇంగ్లండులో ఉన్న మేనమామ ముచ్చటపడి నల్లతోలు బూట్లు పంపించాడు. అద్దంలో మొహం చూసుకోవచ్చు, అంత నిగారింపు. నంబరు సరిగ్గా కుర్రాడిదే. తీరా ఊరేగింపు సగం వీధి దాటేసరికి పెళ్ళికొడుకు కుంటడం మొదలెట్టాడు.

"ఏటి బావా, ఉద్దానం కాలికి సీమబూటు పడతాదేటి?" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. కుర్రాడూ నవ్వాడు గాని, నాలుగురోజులు పోయాక నాదగ్గర కూచుని, "నా కాళ్ళే మంచివి కావండీ" అన్నాడు. పుండ్లకంటే ఆ మాటే నాకు ఎక్కువ నొప్పనిపించింది.

అతణ్ణి టెక్కలి బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన నంబరు అడగలేదు. కాగితంమీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు తిప్పాడు. బూటును ఆ గీతమీద పెట్టాడు. బొటనవేలు మొదటా, చిటికెనవేలు మొదటా గీత బూటుకు అటూ ఇటూ బయటికి వచ్చింది. "పొడుగు సరిపోనాది బాబూ. ఎడల్పే సాల్నేదు. కాలుదేటి తప్పు?" అన్నాడు.

ఆయన చెప్పిన దాంట్లో ఎంతో శాస్త్రం ఉంది. అంగుళానికి మూడు బార్లీ గింజలన్నది పాత ఇంగ్లీషు లెక్క. ఇప్పటికీ ఇంగ్లీషు బూటు ఒక నంబరుకూ తరవాతి నంబరుకూ తేడా ఆ గింజ పొడవే, అంటే అంగుళంలో మూడోవంతు. నాలుగంగుళాల దగ్గర సున్నా. అక్కణ్ణించి పిల్లల నంబర్లు పదమూడుదాకా వెళ్ళి, మళ్ళీ ఒకటితో పెద్దల నంబర్లు మొదలవుతాయి. ఆ లెక్కన పెద్దల ఎనిమిదో నంబరు 11 అంగుళాలు. అదైనా మీ పాదం కొలత కాదు సుమండీ! బూటును ఏ కర్ర అచ్చుమీద బిగించి కుట్టారో ఆ అచ్చు కొలత. తమాషా ఏమిటంటే, మన కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ అంగుళానికి యవలతోనే లెక్క. కాని అక్కడ లెక్కపెట్టేది గింజ పొడవు కాదు, నడుమ వెడల్పు. అలాంటివి ఎనిమిదైతే అంగుళం. వెడల్పును మరవవద్దని మనకు పాతకాలంలోనే పాఠం ఉందన్నమాట.

ఇంగ్లీషువాళ్ళు మాత్రం వెడల్పు మరిచారా? లేదు. బూట్లకు పేరుమోసిన నార్తాంప్టన్ పట్నంలో 1829 నాటి ట్రికర్స్, 1873 నాటి చర్చెస్ వంటి పాత కంపెనీలున్నాయి. అక్కడి బూట్లలో నంబరు పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఎఫ్ మామూలైతే, జి దానికంటే వెడల్పు. కొందరు ఇ అక్షరాన్నే మామూలంటారు. అందుచేత ఏ కంపెనీకి ఆ కంపెనీ లెక్క అడిగి తెలుసుకోవాలి. మన కొట్లలో నంబరే వినిపిస్తుంది గాని ఈ అక్షరం వినిపించడం అరుదు.

అప్పుడు మనవాళ్ళు చేసే పనేమిటి? ఎనిమిది బిగువైతే తొమ్మిది కొంటారు. నంబరు పెరిగితే వెడల్పూ కాస్త పెరుగుతుంది గనక మొదట హాయిగానే ఉంటుంది. కాని పొడుగూ పెరిగింది కదా! బూటు వంగేచోట కాలు వంగదు, మడమ లోపల జారుతుంది, నెలతిరక్కుండా అక్కడ బొబ్బ. ముందు పుండు వెనక్కి మారింది, అంతే!

మన పాదాల కొలత మనమే తీసుకోవాలని ఇటీవల గట్టి ప్రయత్నం జరిగింది. మద్రాసు అడయారులో కేంద్ర తోలు పరిశోధనాలయం 1948లో వెలిసింది. తెనాలి ప్రాంతంలో పుట్టిన మన యలవర్తి నాయుడమ్మగారు 1958లో దానికి డైరెక్టరయ్యారు. ఆ సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను స్కానర్లతో కొలిపించింది. తేలిందేమిటంటే, యూరపు, అమెరికా వాళ్ళ పాదాలకంటే మనవి వెడల్పు. దానిమీద "భా" అనే పేరుతో, వయసునుబట్టి, ఆడ మగ తేడానుబట్టి ఎనిమిది తరగతుల కొత్త కొలతలు ప్రతిపాదించారు. లక్షమందిని కొలిచి తేల్చిన మాటా, టెక్కలి పెద్దాయన పెన్సిలు మాటా ఒకటే!

ఇక మనం చేయవలసింది చెబుతాను. కొలత సాయంత్రం తీసుకోండి. పొద్దంతా తిరిగిన కాలు కాస్త ఉబ్బుతుంది. కూర్చుని కాదు, నిలబడి తీసుకోండి. రెండు కాళ్ళూ గీయండి; ఒకటి పెద్దదిగా ఉండడం మామూలే, పెద్దదానికే కొనండి. వేసుకునే మేజోళ్ళతోనే తొడగండి. బొటనవేలి మొదటి గూడ బూటు వంగేచోటికి రావాలి. వేళ్ళు లోపల కదలాలి, మడమ కదలకూడదు. "వాడగా వాడగా సాగుతుందండీ" అంటే సగమే నమ్మండి. మంచితోలు వెడల్పులో రవంత సాగుతుంది గాని పొడుగులో సాగదు.

మధుమేహం ఉన్న పెద్దలకు ఇది సోకు కాదు, ప్రాణావసరం. స్పర్శ తగ్గిన కాలికి బిగువు తెలియదు, పుండు పడినా తెలియదు. కొత్త బూటు మొదటిరోజు అరగంటకు మించి తొడగనివ్వకండి. విప్పాక అరికాలూ, వేళ్ళ సందులూ ఇంట్లో మరొకరు చూడాలి.

మన పెళ్ళికొడుకు సంగతి చెప్పలేదు కదూ? ఆ జత వేళాకోళం చేసిన బావమరిదికే అతికినట్టు సరిపోయింది, అతనిది సన్నపాదం. కుర్రాడి పాదం గీసిన కాగితం మేనమామకు వెళ్ళింది. నంబరు అదే, అక్షరం మాత్రం మారి మరో జత వచ్చింది. వాటితో రోజూ ఆఫీసుకు వెళుతున్నాడు. కాళ్ళమాట మళ్ళీ నాదగ్గర ఎత్తలేదు.

పిల్లల ఎత్తు గోడమీద గీసుకునే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. పద్దుల పుస్తకంలో నాలుగు కాగితాలు ఇంటిల్లిపాది పాదాలకూ కేటాయించండి. ఏడాదికోసారి గీసి తేదీ వేయండి. దూరాన ఉన్న చుట్టాలు ముచ్చటపడి నంబరు అడిగితే, ఆ కాగితం పంపించండి.