ఎన్ని అడుగులండీ?

తిరువూరులో ఏ ఫ్లెక్సీ కొట్టు గుమ్మం ఎక్కినా మొట్టమొదట వినపడే ప్రశ్న ఇదే. పెళ్ళికీ ఇదే, పెద్దకర్మకీ ఇదే, నిన్న పార్టీ మారినవాడికీ ఇదే. మొన్న మాత్రం ఆ ప్రశ్న నాకు చురుక్కుమంది. ఎందుకంటే నా చేతిలో ఉన్నది మా నాన్నగారు వేసిన నీటిరంగుల బొమ్మ. ఆయన డ్రాయింగు మేష్టారు. మామిడితోటలో మిట్టమధ్యాహ్నపు నీడ వేశారు. బొమ్మ ఒక్కటి, మేం పిల్లలం నలుగురం. తలా ఒక ప్రతి గోడకి పెట్టుకుందామని ఆశ.

"మాది పదడుగుల మిషను సార్! ఫైన్ ఆర్టు కూడా కొట్టేస్తాం" అన్నాడు కొట్టబ్బాయి. చదరపుటడుగు లెక్కన రేటూ చెప్పాడు. నాన్నగారి మామిడినీడ, చదరపుటడుగుల్లో!

ఫ్లెక్సీ మీద నాకేం పగ లేదండీ. ప్లాస్టిక్ గుడ్డ, ఎండావానా ఓర్చుకునే సాల్వెంట్ ఇంకు, రోడ్డవతల నించి చూసే జనం. నాయకుడి మీసం అక్కడికి కనపడితే దాని పని అయిపోయినట్టే. కానీ గదిలో రెండడుగుల దూరాన నిలబడి చూసే బొమ్మలో కుంచె తడి ఎక్కడ ఆగిందో తెలియాలి. దానికి మిషన్లు వేరే ఉన్నాయి. ఎప్సన్, కెనాన్ వాళ్ళవి, 24 అంగుళాలవీ, 44 అంగుళాలవీ. పదడుగుల దాని పక్కన మరుగుజ్జులే. అయితే వాటిలో మంచివి ఎనిమిది నించి పన్నెండు పిగ్మెంట్ ఇంకులతో పనిచేస్తాయి. పిగ్మెంటంటే నీళ్ళలో కరగని రంగుపొడి. కరిగిపోయే డై ఇంకు వెలుతురుకి త్వరగా లొంగిపోతుంది.

ఇదంతా నా చాదస్తం అనుకునేరు! అమెరికాలో ఐరిస్ అనే మిషను మీద చిత్రాల ప్రతులు తీస్తూ, 1991లో జాక్ డుగాన్ అనే ఆయన వాటికి 'జిక్లే' అని ముద్దుపేరు పెట్టాడు. పేరు నిలిచింది. తొలిరోజుల ఇంకులు మాత్రం కొన్నేళ్ళకే వెలిసిపోయాయి. వాళ్ళు తిన్న దెబ్బ మనం మళ్ళీ తినాలా?

కాగితమూ అంతే. చవక కాగితం పాత వారపత్రికలా పచ్చబడుతుంది. ఆమ్లం లేని నూలుకాగితం కావాలి. ఇక స్కానింగు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడుగు బొమ్మకి 7200 చుక్కలు అడ్డంగా, 10800 నిలువుగా ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఇచ్చి "పెద్దది చెయ్యి బాబూ" అంటే మనవడి చొక్కా తాతకి తొడిగినట్టే. తెర మీద వెలిగిన ఆకుపచ్చ కాగితం మీద నీరసిస్తుంది కనక, ముందొక చిన్న ముక్క తీయించి, అసలు బొమ్మ పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూసుకోవాలి.

"అయితే మిషనే కొనేద్దాం అన్నయ్యా" అన్నాడు మా తమ్ముడు. చెంబెడు పాలకోసం గేదెను కొన్నట్టు! వాడకుండా ఉంచితే ఇంకు నాజిల్సులో ఎండిపోతుంది. వాటిని శుభ్రం చేసుకోడానికి మళ్ళీ అదే ఖరీదైన ఇంకు తాగుతుంది. రోజూ పని ఉన్నవాడికే అది సొమ్ము. మనలాంటివాళ్ళం అది ఉన్నవాడి దగ్గరికి, అది పట్నమైనా సరే, బొమ్మ పట్టుకుని వెళ్ళడం మేలు.

వెళ్ళాక మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఇంకు? ఏ కాగితం? ఎన్నేళ్ళుంటుంది? జవాబు చెప్పకుండా "ఎన్ని అడుగులు?" అన్నాడా, బొమ్మ చంకన పెట్టుకుని వచ్చేయండి.

మా ఊరి కల్లాల్లో చూడండి. నిన్నటి ఫ్లెక్సీ నాయకుడు ఇవాళ మిరపకాయల మీద కప్పుగా పడుకుని ఉంటాడు. ఆయనకది తగిన పదవే కావచ్చు. మా నాన్నగారి నీడకి అది పట్టకూడదు.

అందుకే ఆ కుర్రాడితో చెప్పాను: "అడుగున్నర చాలు నాయనా. యాభై ఏళ్ళు ఉండాలి."

పాపం, నిజాయితీపరుడు. "అది మా దగ్గర లేదు సార్" అన్నాడు.