టైరు మారిస్తే డిస్కు మార్చరా?

డిగ్రీ పట్టా అందుకున్న మన హాస్టల్ అన్నల గురించి ఏటా వార్షిక సంచికలో రాసుకుంటాం. లారీ ఎక్కినవాళ్ల గురించి రాయం. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మనవాళ్లు ఎంతమంది డ్రైవర్లుగా, క్లీనర్లుగా, పంక్చర్ షాపుల్లో బతుకుతున్నారో మనకు తెలియంది కాదు. వాళ్ల ప్రాణంతో ముడిపడ్డ ఒక చిన్న కొలత గురించి ఈసారి చెప్పదలిచాం.

ఎండాకాలం బత్తాయి తోటలకు నీళ్లు మోసే ట్యాంకర్లు కొన్ని పాత లారీలే. బాడీ విప్పి ఛాసిస్ మీద ట్యాంకు బిగిస్తారు. మా సీనియర్ ఒకరు నడిపింది అలాంటి బండే. 12 వేల లీటర్లంటే నీళ్ల బరువే 12 టన్నులు. టైర్లు ఊరికే పోతున్నాయని ఓనరు 9.00-20 టైర్లు తీయించి, చవకగా దొరికిన 11.00-20 సెకండ్‌హ్యాండ్ టైర్లు అవే డిస్కులకు ఎక్కించాడు. ఎక్కాయి కూడా, రెండింటికీ 20 అంగుళాల వ్యాసం ఒకటే కదా! తిరకాసంతా ముందు అంకెలో ఉంది. అది టైరు వెడల్పు. 9.00 టైరుకు మామూలుగా 7 అంగుళాల వెడల్పు రిమ్ము, 10.00కు ఏడున్నర, 11.00కు 8 అంగుళాలది కావాలి. అరంగుళం తేడాను కొన్ని టైర్లకు కంపెనీ పట్టిక ఒప్పుకుంటుంది. ఇక్కడ తేడా అంగుళం.

ఇరుకు రిమ్ములో పెద్ద టైరు పక్కలు లోపలికి ముడుచుకుపోయి, నడుమ ఉబ్బి అక్కడే అరుగుతుంది. మలుపులో బండి ఊగుతుంది, ట్యాంకులో నీళ్లు దానికి తోడు. వెనుక జంట టైర్ల మధ్య సందు తగ్గిపోయి, ఒకదానికొకటి రాసుకుని వేడెక్కుతాయి. (రిమ్ము మరీ వెడల్పయినా కష్టమే. టైరు పక్కలు సాగి, రిమ్ము అంచు రాళ్లకు దొరుకుతుంది.) పైగా ఎత్తు పెరిగిన చక్రాన్ని ఆపాల్సింది ఆ పాత బ్రేకులే.

పెద్ద టైరు వేస్తే ఎక్కువ లోడు వేయొచ్చనే మాట మేము ఒప్పుకోం. ఇరుసు, కమాను కట్టలు పెరగలేదు కదా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు ఓనరునే అడుగుతుంది. రోడ్డు మీద ముందు దొరికేది మాత్రం డ్రైవరు. అందుకే ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివే తమ్ముళ్లు డిస్కు మీద ఉన్న కొలత చదవడం నేర్చుకుని, ఇంటికెళ్లినప్పుడు నాన్నలకు, అన్నలకు చూపించాలని మా కోరిక.

మా సీనియర్ డిస్కుల సంగతి అడిగాడు. "ఎక్కినయి కదా, ఇంకేంది?" అన్నాడట ఓనరు. నెల తిరగకముందే కొండమల్లేపల్లి దగ్గర వెనుక లోపలి టైరు పేలింది. ప్రాణం దక్కింది. టైరు డబ్బులు మాత్రం జీతంలో కోశారు.