గాలి పోయాక మిగిలే లెక్క

1977 నవంబరు 19న తుపాను ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు సుమారు 10,000 మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను తాకింది, మృతులు పదుల్లోనే. ఉప్పెన ఎత్తులో తేడా ఉంది, నిజమే. అయినా ముందస్తు హెచ్చరిక, తరలింపు ఎన్నో ప్రాణాలు కాపాడాయి.

మన తొండూరు, పులివెందుల వైపు ఈదురుగాలి గెలలతో ఉన్న అరటిని పడగొడుతుంది. నష్టం రాసుకునే పుస్తకంలో కౌలు రైతు పేరు తరచూ ఉండదు. ప్రియులారా, గాలిని మనం ఆపలేము. అధికారులు తోటకు వచ్చిన రోజున సంఘం ఆ రైతు పక్కన నిలబడాలని మేము కోరుతున్నాము. ఏలీయాకు దేవుని స్వరం వినబడింది పెనుగాలిలో కాదు, అది ఆగిన తరువాతే.